మూడో నంబరు బిళ్ల

ఇత్తడి బిళ్లను అరచేతిలో కాసేపు మూసి పట్టుకుంటే చేతికి ఒక వాసన అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా వదలదు. మొన్న ఆదివారం అటక మీది రేకుపెట్టె దింపి బాపు పాత కాగితాలు సర్దుతుంటే, అడుగున గుడ్డపీలికలో చుట్టిన మూడో నంబరు బిళ్ల దొరికింది. పాత రూపాయి కంటే కాస్త పెద్దది, పైన దారానికి చిల్లు, మధ్యలో ఉలితో కొట్టిన మూడు. ఆ మూడు నేనే. కళ్లు తడుస్తాయేమోనని కాసేపు ఆగి చూశాను, తడవలేదు. చెయ్యి వాసన చూసుకుని మళ్లీ కాగితాల్లో పడ్డాను.

మాది నస్పూరులో కార్మికుల క్వార్టర్ల వరసలో రెండు గదుల ఇల్లు. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు, మా వైపు గనిని బాయి, నాన్నను బాపు, అమ్మను అవ్వ అనే అంటారు. సైరన్ మోగితే అన్నం, మళ్లీ మోగితే నిద్ర, మూడోసారి మోగితే బడి; మా వాడకట్టులో గడియారం కొన్నవాళ్లు షోకుకే కొన్నారు. వానాకాలంలో వాకిట్లో నీళ్లు నల్లగా పారేవి, ఆరేసిన తెల్లబట్టలు తెల్లగా దిగేవి కావు, బొగ్గుల పొయ్యి మీద మక్కకంకులు కాలుతుంటే ఆ వాసనకు అష్టాచెమ్మా ఆట మధ్యలో వదిలేసి ఎవరి గుమ్మంలోకి వాళ్లం పరుగెత్తేవాళ్లం.

బాయిలోకి దిగేవాడు తన నంబరు బిళ్లను పైన బోర్డుకు తగిలించి దిగాలి, ఎక్కివచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ల మిగిలితే మనిషి లోపలున్నట్టు, వెతకాలి. బాపు ఆ పద్ధతిని ఇంటికి తెచ్చాడు. తలుపు పక్కన చెక్కకు రెండు వరసల మేకులు కొట్టి, పైవరస ఇంట్లో ఉన్నవాళ్లకు, కిందివరస బయటికి పోయినవాళ్లకు అన్నాడు. ఒకటి బాపు, రెండు అవ్వ, మూడు నేను, నాలుగు తమ్ముడు. మా క్వార్టర్ల వరసలో ఏ ఇంట్లో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే లెక్క, వరస దాటితే బిళ్ల కిందికి దిగాలి. వచ్చిన చుట్టాలు తమకూ ఒక బిళ్ల చేయించమని బాపును ఆటపట్టించేవాళ్లు. బాపు నవ్వేవాడు కాదు. ఆయన దోస్తు ఒకాయన ఎక్కివచ్చి బిళ్ల తీసుకున్నాక, టిఫిన్ డబ్బా మరిచానని ఎవరికీ చెప్పకుండా మళ్లీ దిగాడట. పైకప్పు కూలింది. బోర్డు ఖాళీగా ఉంది కనుక లోపల ఎవరూ లేరనుకున్నారు, తెల్లారి గాని వెతకలేదు.

నాకైతే ఆ బోర్డు మహా ఇష్టం. పొద్దుగూకేవేళ కిందివరసలో నా బిళ్ల ఇంకా వేలాడుతుంటే అవ్వ గడపలో నిలబడి, “యాడున్నవే, ఓ పోరీ” అని మూడు వరసలకు వినబడేలా కేక పెట్టేది. ఆ కేక కోసమే కొన్నిసార్లు కావాలని ఆలస్యం చేసేదాన్ని. ఇంటికి రాగానే చీపురుకట్టతో కాళ్ల మీద రెండు పడేవి, ఆ వెంటనే గిన్నెలోంచి ఊడదీసిన వేడి సర్వపిండి ముక్క చేతిలో పడేది. దెబ్బ మంట తగ్గేలోపే ముక్క అయిపోయేది. అవ్వ చేతి దెబ్బలు ఎన్ని తిన్నానో లెక్కలేదు, ఒక్కటీ మనసులో లేదు.

ఐదో తరగతిలో, సద్దుల బతుకమ్మ ముందురోజు, మా బతుకమ్మ పక్కింటివాళ్ల దానికంటే ఎత్తుగా ఉండాలని నాకు పట్టుదల పట్టింది. గునుగుపూలు పాత మట్టిదిబ్బల అవతల బాగా పూశాయి, అటు పోవద్దని అవ్వ పొద్దున్నే చెప్పింది. బాపు రాత్రి షిఫ్టు దిగి పడుకున్నాడు, అవ్వ నైవేద్యానికి మలీద చేద్దామని రొట్టెలు కాలుస్తోంది. బిళ్ల దించితే ఎటు పోయానని అడుగుతారు కనుక దాన్ని పైమేకుకే ఉంచి వెళ్లిపోయాను. పూలు ఒడినిండా కోశాక కందకంలో కాలుజారి పడ్డాను. మడమ మెలిపడి లేవరాలేదు. మధ్యాహ్నం సైరన్ విన్నాను. పొద్దు వాలింది. అవ్వ కేక ఇప్పుడు వినబడుతుంది, ఇప్పుడు వినబడుతుంది అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది, బోర్డు ప్రకారం నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పుడు ఏడ్చాను. గొర్లు తోలుకుపోతున్న ఒక తాత ఆ ఏడుపు విని, భుజాన వేసుకుని దీపాలవేళకు ఇంట్లో దించాడు.

నేర్చుకోవలసింది నేను అక్కడే, ఆ కందకంలోనే నేర్చుకున్నాను. అది ఇంట్లో ఎవరికీ తెలియదు.

అవ్వ ఏడుస్తూ చీపురుకట్ట అందుకుంది. బాపు కొట్టవద్దని చేయి అడ్డం పెట్టాడు. బోర్డు దగ్గరికి వెళ్లి నా బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు. గొంతు పెంచలేదు.

“ఇగ బోర్డు మీద నువ్వు లేవు. నీకోసం ఎవ్వలు దేవులాడరు.”

మాట అంటే మాటే. తెల్లారి నుంచి నేను ఎప్పుడు పోయినా, ఎప్పుడు వచ్చినా ఎవరూ అడగలేదు. జర బిళ్ల పెట్టరాదా అని అవ్వ ఒకసారి బతిమాలిందని తమ్ముడు చెప్పాడు, బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడట. ఒకరోజు ఎవరైనా వెతుకుతారేమో చూద్దామని బడి వదిలాక మంచిర్యాల స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాను. రెండు ప్యాసింజర్లు పోయాయి. లైట్లు వెలిగాక ఇంటికి వస్తే నా పళ్లెం మూతపెట్టి ఉంది. అవ్వ నా ముఖం చూసింది, బాపు వైపు చూసింది, తల దించుకుంది. నేను చేతులు కడుక్కుని తిన్నాను. ఆ రాత్రి తిన్నదేమిటో గుర్తులేదు. ఆ తర్వాత ఆలస్యంగా రావడం మానేశాను, అవసరం లేకపోయింది.

మోదుగపూలు నానబెట్టి హోళీ రంగు కాచేనాటికి బిళ్ల తిరిగి మేకు ఎక్కింది. పెళ్లయి పోయేదాకా ఒక్కరోజు మరవకుండా దించాను, ఎక్కించాను. “ఒక్క దెబ్బ కొట్టలే, బిడ్డ దారికచ్చింది” అని బాపు చుట్టాలతో గర్వంగా చెప్పుకునేవాడు. బాపు మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు చూశాను, రాలేదు. దోస్తును పోగొట్టుకుని బాగా భయపడ్డ మనిషి. కానీ పూర్వం పొద్దుగూకితే నాలో గంతులేసేది ఒకటుండేది, అది మళ్లీ లేవలేదు. బిళ్ల తీసేదాకా ఆ బోర్డు క్రమశిక్షణే, అది ఉన్నందువల్ల నేను ఒకరికి కావలసినదాన్ని. తీసేశాక అది శిక్ష. పాతికేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని, ఈ తేడా పిల్లలకు ఎట్లా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

నా కూతురు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో వచ్చిపోతుంది. పోయిన నెల దారిలో బస్సు చెడిపోయి రెండు గంటలు ఆలస్యమైంది. నేను పళ్లెం మూతపెట్టి, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. అది వచ్చి సంచి కింద పెట్టి, “అమ్మా, బస్సుల అందరికి ఇంటి నుంచి ఫోన్లచ్చినయ్. నాకొక్కటి రాలే” అంది. నువ్వంటే నమ్మకం అన్నాను. అది నా ముఖం చూసి, చేతులు కడుక్కుని తిన్నది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, పడగొట్టారు. ఆ బాయి మూతపడింది. అవ్వ లేదు, బాపు లేడు, మేకుల చెక్క ఏ పొయ్యిలోకి పోయిందో తమ్ముడికీ తెలియదు. ఈ బిళ్ల ఒక్కటే మిగిలింది. నిన్న సాయంత్రం దాన్ని చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. బస్సు రావలసిన వేళ దాటి పది నిమిషాలే అయింది. ఫోన్ చేశాను. అటు నుంచి ఏందమ్మా, ఏమైందని కంగారుగా అడిగింది, నేను ఎప్పుడూ చెయ్యను కదా.

“యాడున్నవే” అన్నాను.

గోదావరి బ్రిడ్జి మీదున్నానని చెప్పింది. ఆ తర్వాత బస్సు దిగేదాకా అది ఫోన్ పెట్టెయ్యలేదు.