రంగు గీకిన మేస్త్రి

మా మేస్త్రి చనిపోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. ముందురోజే మావాడు సరంగు పరీక్ష పాసయ్యాడని ఉత్తరం వచ్చింది. లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. నా కొడుక్కి సర్కారు ముద్ర వేసిన కాగితం వచ్చిందంటే నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పాను, తెలియనివాళ్లకు రెండుసార్లు చెప్పాను. తెల్లారగానే పాలకోవా పొట్లం కట్టించుకుని సత్యవేడు బస్సెక్కాను. మేస్త్రికి నా చేత్తో తినిపించాలని. టికెట్టు కొడుతూ కండక్టరు ఎవరింటికని అడిగాడు. చెప్పాను.

"ఆ తిట్టే మేస్త్రా? పోయి మూడు దినాలాయ గదప్పా" అని చిల్లర నా చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయాడు.

ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. మూడు రోజులు. గంట ప్రయాణం దూరంలో ఉన్నవాడికి కబురు చేసే దిక్కే లేకపోయిందా? ఒంట్లో బాగాలేదని ఒక కార్డు ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోయేది? బస్సు దిగి వెళ్లేసరికి మేస్త్రి ఇంటామె గడపలో కూర్చుని ఉంది. అడిగాను, గట్టిగానే అడిగాను. "ఎవురికీ చెప్పొద్దన్నాడన్నా. వచ్చి ఏడస్తా కూసుంటారు, వాళ్ల పని చెడతాది అన్నాడు" అంది. పొట్లం ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. పోయిన మనిషి మీద కోపపడకూడదంటారు. నాకు మాత్రం ఇంకా తగ్గలేదు.

దానిమీద మా లాంచీ ఓనరు ఇంకాస్త నూనె పోశాడు. పదో రోజున నాయుడుపేటలో సంతాప సభ పెట్టించి, మైకు ముందు నిలబడి, "మా లాంచీకి చక్కగా రంగులేసిన పెద్దాయన" అన్నాడు. రంగులేసిన పెద్దాయనంట. జనం తలలూపారు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఐదో తరగతి దాటని నేను ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది అందుకే. అయ్యా, ఆ లాంచీకి రంగు వేసింది నేను. ఆయన దాన్ని గీకాడు.

ఆ లాంచీ ఒకప్పుడు మద్రాసులో ఎవరో దొర షికారు కోసం కట్టించుకున్నది. అంతా టేకు, ముందు అద్దాల గది. మా ఓనరు కొని, పులికాట్ సరస్సులో తడ వైపు రేవు నుంచి దీవికి మనుషుల్ని తిప్పడానికి పెట్టాడు. నేను రేవులో టికెట్లు చించేవాణ్ణి, కాగితం లేకపోయినా మావాడు నడిపేవాడు. కొత్తలో గంటకు దీవి చేరేది. ఏడేళ్లు తిరిగేసరికి గంటన్నర పట్టేది. నల్లటి పొగ, బండలు పగలగొట్టినట్టు మోత. తెరచాప పడవలవాళ్లు పక్కనుంచి దాటిపోతూ, తాడిస్తే లాక్కుపోతామని మావాణ్ణి ఎగతాళి చేసేవాళ్లు. ఓనరు విసిగిపోయాడు. ఇంజను ముసలిదైంది, కొత్తది పెట్టే ఓపిక తనకు లేదు, విప్పి కలపకు అమ్మేస్తానన్నాడు. లాంచీ పోతే మావాడికి చేతిలో ఇంకో పని లేదు.

మేస్త్రి మద్రాసు హార్బరులో పడవలు బాగుచేసి బాగుచేసి, వయసు మళ్లాక సొంతూరు సత్యవేడు చేరి, రైతుల నీళ్ల మోటార్లు చూసుకుంటున్నాడు. పోయి కాళ్లావేళ్లా పడి పిలుచుకొచ్చాను. వచ్చిన మనిషి ఇంజను వైపు కూడా చూడలేదు. చొక్కా విప్పి నీళ్లలో మునిగి, గుప్పెడు గుల్లలు పట్టుకుని లేచాడు.

"ఇంజనుకు ఏ రోగమూ లేదప్పా. దాని కాళ్లకు గుండ్లు కట్టి, పరిగెత్తు పరిగెత్తు అంటాండారు మీరు."

ఓనరు నవ్వాడు. పది రోజులు గడువిస్తాను, గంటలో దీవి చేరితే సరే, లేదంటే అమ్మకమే అన్నాడు.

తాటి మొద్దుల మీద లాంచీని గట్టుకు లాగాం. అడుగుభాగం చూస్తే నాకే సిగ్గేసింది. జానెడు పాచి, దానికింద రాళ్లలా అతుక్కున్న గుల్లలు, వాటికింద ఏటేటా పాతదాని మీదే పూసిన తారు. మేస్త్రి ఒక్కో పలకనూ చెక్క కనిపించేదాకా గీకిస్తూ వచ్చాడు. గీకిన చోట కళ్లు మూసుకుని అరచెయ్యి జరిపేవాడు. "కన్ను మోసపోతాది, అరచెయ్యి మోసపోదు" అనేవాడు. ఎక్కడ గరుకు తగిలితే అక్కడ మాకు తిట్లు. మధ్యాహ్నం సంగటి ముద్ద కూడా లాంచీ పక్కనే నిలబడి తినేవాడు. కూర్చుంటే పని తనకంటే ముందు కూర్చుంటుందట.

తర్వాత ఫ్యాను విప్పాడు. నీళ్లలో తిరుగుతూ లాంచీని ముందుకు నెట్టే మూడు రెక్కల ఇత్తడి ఫ్యాను అది. దాన్ని చూసి ఈ ఎర్రరంగు పూసిందెవరని అరిచాడు. నేనే. ఏటా ఆయుధపూజకు లాంచీని ఒడ్డుకు లాగి, ఫ్యానుకు ఎర్రరంగు పూసి, అంచులకు పసుపురంగు దిద్ది, కర్పూరం వెలిగించేవాణ్ణి. బస్సువాళ్లు బస్సుకు చేసుకుంటారు, మాకు కూడు పెట్టేది ఇదే కదా. మేస్త్రి కత్తిమొనతో గీకాడు. పొర కింద పొర లేచింది.

"ఏడు పూజలు, ఏడు పూతలు. కత్తి అంచుకు గుడ్డ చుట్టి కూరగాయలు తరగమంటే తరుగుతాదా?" అన్నాడు. పొరలన్నీ పోయాక ఒక రెక్క చివర వంగి ఉండటం బయటపడింది. ఎప్పుడో బండకు తగిలింది. రంగు దాన్ని కప్పేసింది, ఎవరికీ తెలియలేదు. "నీ భక్తి కింద దెబ్బ దాక్కోనుండాది, సూడు."

నాకు ఒళ్లు మండింది. దేవుడికి చేసినదాన్ని తప్పంటాడేమిటని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంకో తప్పు కూడా మాదే. మొదటి ఏడాది పూజకు ముందే పాత ఫ్యాను విరిగినప్పుడు, పెద్దదైతే ఎక్కువ నెడుతుందని పెద్దది తెప్పించాం. బక్క ఎద్దుకు బండ మడక కట్టి దున్నమన్నారని ఆయన తలకొట్టుకున్నాడు. దాన్ని తిరుపతిలో అలిపిరి దారిలో ఉన్న లేతు షెడ్డుకు తీసుకెళ్లి, రెక్కల చివరలు కొలిచి తగ్గించి, వంకర సరిచేసి తెచ్చాడు. నడిమి రంధ్రంలో కమ్మీ దూర్చి రెండు పీటల మీద ఆనించాడు. బరువున్న రెక్క మెల్లగా కిందికి దిగింది. ఆకురాయితో రాకాడు. మళ్లీ ఆనించాడు. "బరువైంది తానే దిగొచ్చి సెప్తాది, మనం అడగాల్సిన పన్లే." ఏ రెక్కా దిగకుండా ఎక్కడ వదిలితే అక్కడ నిలిచేదాకా ఒక రోజంతా అదే పని.

గడువు రేపనగా ఫ్యాను బిగించాడు. బంగారంలా మెరుస్తోంది. నాకు మాత్రం అది బోడి నొసలులా కనిపించింది. రేపు ఓడితే మావాడి గతేమిటి? మేస్త్రి మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు గబగబా ఒక పూత ఎర్రరంగు వేసేశాను.

ఆయన తిరిగి వచ్చి అలవాటుగా రెక్క మీద చెయ్యి జరిపాడు. అరచెయ్యి ఎర్రనైంది. గడ్డిపోచకు కూడా తిట్లు తిట్టే మనిషి కిరసనాయిలు గుడ్డ తీసుకుని నేలమీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. మూడు రెక్కలూ తుడిచాక అప్పుడు అన్నాడు:

"కొడుకు కోసరం పూసినావు, నాకు తెలుసు. నడుమ గుబ్బకు బొట్టు పెట్టుకో, అది నీళ్లను కొయ్యదు. రెక్కను మాత్రం ముట్టద్దు. మొక్కు తీరాలంటే ఆ చివరి పలక మిగిలుండాది, పోయి గీకు."

గీకాను. గుల్లలు కోసి చేతులు నెత్తురయ్యాయి. ఆ రోజు నాకు పట్టిన కోపం నామీద నాకే.

మర్నాడు ఓనరు చేతిగడియారం చూసుకుంటూ ముందు కూర్చున్నాడు. మావాడు ఇంజను తిప్పాడు. పొగ లేదు, మోత లేదు. యాభై నిమిషాలకే దీవి ఒడ్డున ఉన్నాం. నేను మావాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. ఓనరు అమ్మకం మాట మానేశాడు. మేస్త్రికి ఒక్క మంచిమాట కూడా చెప్పలేదు, ఆయన దానికోసం చూడనూ లేదు.

తిరుగు ప్రయాణంలో సరస్సు నడిమిన ఉండగా మేస్త్రి మావాడి భుజం తట్టి ఇంజను ఆపమన్నాడు. ఏమైందని ఓనరు కంగారుపడ్డాడు.

"నిలిసేదాకా ఎవురూ మాట్లాడద్దండి" అన్నాడు మేస్త్రి.

ఇంజను ఆగింది. లాంచీ ఆగలేదు. నూనె పూసినట్టు నీళ్లమీద పోతూనే ఉంది. గూడకొంగల గుంపు పక్కనుంచే వెళ్లాం, ఒక్కటీ రెక్క విప్పలేదు. ఓనరు గడియారం చూడటం మానేశాడు. మావాడు నోరు తెరిచి నీళ్లవైపే చూస్తున్నాడు. మేస్త్రి చివరన నిలబడి, కళ్లు మూసుకుని, పక్క పలక మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. చప్పుడే లేదు. అంతసేపూ లాంచీ పోతూనే ఉంది.