శ్మశానపు చింత మీది బదనిక

జమ్మలమడుగులో పూల సంగతి ఎత్తితే వీరభద్రయ్య పేరు రాకుండా పోదు. ఆ ఎండల్లో బెంగళూరు గులాబీని మొదట బతికించింది ఆయన. పులివెందుల రైతులకు పచ్చచామంతి పిలకలు పంచింది ఆయన. కడప పూల ప్రదర్శనలో రెండుసార్లు వెండి కప్పు అందుకున్న బడిపంతులు మన జిల్లాలో మరొకరు లేరు. ఇవన్నీ ఆయన దృష్టిలో చిల్లర పనులే. లోకంలో లేని పువ్వొకటి తన చేతుల మీదుగా పుట్టాలి, దానికి తన పేరుండాలి. అదీ ఆయన పట్టు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు, పెన్న ఒడ్డు శ్మశానంలో చింతచెట్టు మీదున్న బదనికను బెరడుతో సహా కోసి తెచ్చి పెరట్లో కట్టాడు. ఇంగ్లీషువాళ్లు ఆర్కిడ్ అనే జాతి అది. మట్టి అక్కర్లేదు, వేళ్లు గాలిలోనే వేలాడతాయి. పువ్వు గోధుమరంగు, గళ్లు గళ్లుగా ఉంటుంది. బెంగళూరు తోటలో పనిచేసే స్నేహితుడు అస్సాం నీలి ఆర్కిడ్ పుప్పొడిని కాగితంలో చుట్టి పంపితే, అగ్గిపుల్లతో ఈ పువ్వుకు అద్దాడు. కాయ కట్టింది. ఏడాదికి అది పగిలితే లోపల గింజలు విభూతికన్నా మెత్తన. ఇంగ్లండు దొరలు తొలిరోజుల్లో చేసినట్టే వాటిని తల్లి వేళ్ల దగ్గరే చల్లాడు. వేళ్లలోని బూజు సాయం లేనిదే ఆ గింజ మొలవదు.

మొలవలేదు. తర్వాతి కాయ గింజలూ మొలవలేదు.

ఒక శుక్రవారం బడి నుంచి పెందలాడే వచ్చేసరికి, భార్య రుక్మిణమ్మ బదనిక వేళ్లను చెంబుతో కడుగుతూ కనిపించింది. చెంబులో పసుపునీళ్లు.

"ఏంది చేస్తాండావు?"

"శుద్ధి. పీనుగుల పొగ తాగి పెరిగిన చెట్టు. కడగకుండా ఇంట్లో ఎట్ట పెట్టుకునేది? మీరు తెచ్చినకాడి నుంచీ ప్రతి శుక్రారం కడుగుతానే ఉండా."

"పసుపుకు బూజు సస్తుంది. బూజు సస్తే నా గింజలు సస్తాయి. అయివారి పెండ్లామై ఉండి ఇంతమాత్రం తెలీదా?"

"నాకు తెలిసిందల్లా, కడిగినన్నాళ్లూ అది గమ్మున ఉండాది."

ఆనాటితో పసుపు ఆగిపోయింది. ఆ ఏటి గింజలు పచ్చని ఆవగింజల్లా లేచాయి. అన్నీ పోగా ఒకటి నిలిచింది. అది మొగ్గ తొడిగేసరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేండ్లు దాటింది.

పువ్వు నీలం కాదు, గోధుమ కాదు, ఆరిన చితి బూడిద రంగు. రేకులు గుండ్రంగా ఒకదాని మీదొకటి ఒరిగి, నడుమ చిన్న ఊదా పెదవి. అంత నిండైన ఆకారాన్ని వీరభద్రయ్య ఏ పుస్తకం బొమ్మలోనూ చూడలేదు.

ప్రొద్దుటూరులో పూల అంగడి పెట్టిన రహమాన్, ఈ పువ్వు సంగతి విని వచ్చాడు. నవ్వుతూ వంగినవాడు అట్లే ఉండిపోయాడు.

"అయివారూ, పోయిన మా అబ్బ మొగం యాడ దొరికింది నీకు?"

"నీకు ఎండ శానా తగిలిందప్పా. పో, మజ్జిగ తాగు."

రహమాన్ మజ్జిగ ముట్టలేదు. చెప్పులు అక్కడే వదిలేసి వీధిలోకి నడిచాడు. ఆ మరునాడు ఎదురింటి నాగేంద్రమ్మ వచ్చి, బావిలో పడి పోయిన తన చెల్లెల్ని పేరు పెట్టి పిలిచి, "తల తుడుచుకోకపోతివే" అని పువ్వుతో అంది. రుక్మిణమ్మ దాన్ని చూసి వంటింట్లోకి పోయింది. పురిట్లోనే పోయిన బిడ్డకు పాడలేకపోయిన జోలను వంట చేస్తూ సన్నగా పాడసాగింది.

ఎవరికి ఎవరు పోయారో వారికి వారే కనిపిస్తున్నారు. వీరభద్రయ్యకు మాత్రం రేకులే కనిపించేవి.

"దాన్ని కోయొద్దండీ. ఊరు దాటించొద్దు" అంది రుక్మిణమ్మ.

"బెరడు మీది నుంచి ఊడదీస్తే సస్తుంది. కాడ కోసి సీసాలో పెట్టుకోనిపోతా. రేపు కడపలో నా పేరు పలకాల."

"పేరు మీదే లెండి. మొగాలు మీవి కాదే."

ప్రదర్శన నాటి పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కత్తెర పట్టుకుని ఆయన కాడ మీదికి వంగాడు. అప్పుడు కనిపించింది ఆయనకూ. రేకుల లోపలి నుంచి ఒక మొగం మెల్లగా ఆయన వైపు తిరిగింది. ముక్కుపుడక. నుదుట సగం చెరిగిన కుంకుమ. రుక్మిణమ్మ.

వంటింట్లో గిన్నె చప్పుడైంది. "బస్సు ఎన్ని గంటలకండీ? సద్ది కట్టేదా?" అని ఆమె గొంతు.

కత్తెర ఆయన చేతిలో తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంది. "పోవడం లేదు" అన్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. నువ్వు మాట్లాడతానే ఉండు."

"ఏం మాట్లాడేది?"

"ఏదో ఒకటి. పప్పులో ఏమేసినావో చెప్పు. ఆపొద్దు."

గోంగూర అంది ఆమె. ఎండుమిరపకాయలంది, కారం ఎక్కువైందేమో అంది. పువ్వులోని మొగం మాత్రం నోరు మూసుకునే ఉంది.