అవ్వ పెంటకుప్ప

ఆ పెంట ఎవరిదని పంచాయతీలో అడిగినప్పుడు నాకు తెలుసు. చెప్పలేదు.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో రామన్నపేట చుట్టుపక్కల ఊళ్లకు గ్రామసేవకుణ్ణి. వాడల్లోని పెంటకుప్పలు ఎత్తించి, ఊరి బయట గుంతల్లో వేయించి, కంపోస్టు ఎరువు చేయించడం నా పని. రోజూ సైకిలు తొక్కాలి, చెప్పిందే చెప్పాలి. నేను ఊరు దాటగానే జనం మరిచిపోయేవారు. పై అధికారి వచ్చిన రోజు మాత్రం గుంతలు నిండుగా కనబడాలి. మా సర్కారు కాగితాల్లో పెంట పేరు చెత్త. ఊళ్లో మాత్రం ఎవరి వాకిలి ముందు కుప్ప వాళ్ల ఆస్తి.

ఒక ఊళ్లో ఒంటరి అవ్వ తన కుప్పను ముట్టనివ్వలేదు. ఒక్క బర్రె పేడ, పొయ్యి బూడిద, ఏడాదంతా ఊడ్చి పోసుకున్నది. అది పడితేనే ఆమె చెలకలో జొన్న పండేది.

"గుంతల ఏసినంక నా పెంట నాకే వస్తదా, సారూ?"

వస్తుందని మాట ఇచ్చి, గుంతలో ఒక మూల ఆమెకు విడిచాను. గంపలతో తనే మోసి పోసింది. నేను గట్టున నిలబడి చూశాను.

తొలకరికి ముందు సర్పంచు బండ్లు గుంతంతా ఊడ్చి ఆయన పొలానికి తోలాయి. అవ్వ పంచాయతీకి వచ్చి, ఆ మూల తనదని సారుకు తెలుసన్నది. సర్పంచు నావైపు చూశాడు. నేనుండేది ఆయన ఇంట్లో, తినేది ఆ ఇంటి అన్నం.

"పెంటకు గుర్తులుంటయా, అవ్వా?" అన్నాను.

అందరూ నవ్వారు. బర్రె పేరు రాసిపెట్టుకోకపోయినవా అని ఎవరో అన్నారు. ఆమె వెళ్లిపోయింది. ఆ ఏడు ఆమె జొన్న మోకాలెత్తు దాటలేదు.

తర్వాత పాలమూరు బదిలీ అయింది. అక్కడా అవే గుంతలు, అవే మాటలు. చాలా ఏళ్లకు, ఆ తప్పు మోసి మోసి అలసిపోయి, అవ్వ ఊరికి వెళ్లాను. అవ్వకు చూపు ఆనడం లేదు, గొంతు గుర్తుపట్టింది. నేను తప్పు ఒప్పుకోబోతే ఆపింది.

"నాకు జెప్పుడెందుకు, బిడ్డా? నాకు ఎర్కనే. ఎర్క లేనిది గాళ్లకు."

కట్టె పట్టుకుని నా వెంట పంచాయతీ దాకా వచ్చి గడప దగ్గర నిలబడింది. లోపల అదే సర్పంచు, నాడు నవ్విన వాళ్లలో కొందరు. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"గా మూల పెంట అవ్వదే. మాట ఇచ్చింది నేనే. గా దినం ఎర్క లేనట్టు మాట్లాడి అవ్వను నవ్వులపాలు చేసిన. తప్పు నాది. అవ్వా, మన్నించు."