తొట్టెలలో పొత్రం

డెయిరీ డిప్లొమా చదివేవాళ్ళు వేసవి సెలవుల్లో ఏదో ఒక పాడి ఫారంలో ఉండి పని నేర్చుకోవాలి. నాకు సూరత్ దగ్గర కామ్రేజ్ దాటాక చెరకు తోటల మధ్య ఉన్న ఒక తబేలా దొరికింది. సూరత్‌లో బర్రెల కొట్టాన్ని తబేలా అంటారు. నాతో పాటు ఇంకో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, ఒకామె రాజ్‌కోట్ వైపు నుంచి, ఇంకొకామె నాసిక్ నుంచి. వాళ్ళకు సూరత్ కొత్త. నేను పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే, గోడాదరాలో, మరమగ్గాల సాంచెల చప్పుడు మధ్య. అందుకని ఆదివారాలు వాళ్ళకు ఊరు చూపించే పని నా నెత్తిన పడింది. చూడటానికి ఏమున్నాయని అడిగితే చీరలున్నాయి అన్నాను. వాళ్ళు నవ్వలేదు.

తబేలాలో నాకు మొదటి రోజే ఒక పని ఒప్పజెప్పారు. ఒక బర్రెకు దూడ చచ్చిపోయింది. దూడ మూతి తగలనిదే ఆ బర్రె చేపదు, పొదుగు పగిలేటట్టున్నా చుక్క వదలదు. సూది పొడిచి పాలు దించేవాళ్ళు ఉన్నారు కానీ మా యజమాని దానికి ఒప్పుకోడు. అందుకని చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టించాడు. కాళ్ళకు కర్రలు, కళ్ళున్న చోట కుట్లు. పాలు పితికే వేళకు ఆ గడ్డిదూడను దాణా గదిలోంచి ఎత్తుకొచ్చి, వీపు మీద ఉప్పునీళ్ళు రాసి, బర్రె ముందు నిలబెట్టాలి. బర్రె వాసన చూస్తుంది, నాకుతుంది, గొంతులో సన్నగా ఒక మూలుగు మొదలుపెడుతుంది. అప్పుడు పాలు దిగుతాయి.

నిలబెట్టే పని నాది. మొదటిసారి రెండు చేతులూ చాచి బిగబట్టి ఎత్తాను, అది ఒక్కసారిగా పైకి లేచొచ్చింది. అందులో బరువే లేదు. చీదర పడతానని అనుకున్నాను గానీ నాకు వేసింది భయం. బర్రె రోజూ నాకిన చోట వెంట్రుకలు పోయి తోలు నున్నగా మెరుస్తోంది. మూలుగు వినిపిస్తుంటే నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని. ఆ మూలుగుకు ఎవరో బదులు చెప్తారేమోనని చెవులు మాత్రం అటే ఉండేవి.

ఇంకోటి కూడా ఉంది, చెప్తే మా క్లాసు వాళ్ళు నవ్వారు. సాయంత్రం పని అయ్యాక దాన్ని గోడ వైపు మొహం పెట్టి వచ్చేదాన్ని. పొద్దున వెళ్ళేసరికి అది తలుపు వైపు చూస్తుండేది. పాలు పితికే ముసలామెను అందరం మాసీ అంటాం. ఆమెను అడిగితే, "చూహే హోంగే, బేటీ," అంది. ఎలుకలు తిప్పి ఉంటాయట. ఎలుకలు మూటను కొరుకుతాయి గానీ మర్యాదగా తలుపు వైపు తిప్పి పెడతాయా? అయినా సరే అనుకున్నాను. అలా అనుకోకపోతే ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళడం నా వల్ల అయ్యేది కాదు.

శనివారం సాయంత్రం ఇంటికి వెళ్తే ఇంట్లో ఇంకో రకం భయం.

మా అక్క అప్పుడు పుట్టింట్లో ఉంది. కాన్పుకు వచ్చింది. పాప పుట్టింది. పేరు పెట్టే రోజు మావాళ్ళ పద్ధతి ప్రకారం తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, బిడ్డకన్నా ముందు నూరే పొత్రాన్ని వేసి ఊపారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని అలా వేస్తారు. ఆ తర్వాతే పాపను పడుకోబెట్టారు. హోలీ ముందు పాపకు జ్వరం వచ్చింది. హోలీ నాటికి పాప లేదు.

అమ్మ పాత చీరతో దూలానికి కట్టిన ఆ తొట్టెలను ఎవరూ విప్పలేదు. ఖాళీ తొట్టెల ఊపితే అరిష్టమని మావాళ్ళ నమ్మకం. అక్క అలవాటు కొద్దీ చెయ్యి చాచి దాన్ని ఊపబోతుంటే చూసిన అమ్మ, పరుగెత్తుకెళ్ళి పొత్రాన్ని పాప దుప్పట్లో చుట్టి అందులో వేసింది. అప్పటి నుంచి అది అందులోనే ఉంది. అక్క దాని పక్కన కూర్చుని ఊపుతుంది. మాట్లాడదు, పెడితే తింటుంది, లేకపోతే లేదు. రాయి బరువుకు దూలం కిర్రుమనేది. వీధంతా సాంచెలు నడుస్తున్నా ఆ కిర్రు మాత్రం విడిగా వినిపించేది.

రాత్రి పాళీ చేసి వచ్చి పగలు పడుకునే నాన్న, ఒకటి రెండుసార్లు లేచి కూర్చుని అన్నాడు.

"ఇంగ దాన్ని ఇప్పెయ్యరాదే. గిట్ల ఎన్ని దినాలు?"

"ఇప్పితే పెద్దపిల్ల ఏమైతదో. దాని పానం దాంట్లనే ఉన్నది," అనేది అమ్మ.

మా బావ డిండోలిలో సాంచెల మీద పని చేస్తాడు. వారం వారం వచ్చి గడప దగ్గర కూర్చుని, తొట్టెల వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూసి వెళ్ళేవాడు. మంచివాడే. ఒకరోజు వీధి చివర నన్ను ఆపి, "మరదలా, మా అమ్మ నన్ను ఊరికి వచ్చెయ్యమంటున్నది. ఈ మనిషి ఇట్లనే ఉంటే ఇంకో సంబంధం చూస్తరట. నేను వద్దనే అంటున్న. కానీ ఎన్ని దినాలు అంటనో నాకే తెల్వది," అన్నాడు. నాకు అతని మీద కోపం రావాలి. రాలేదు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అంటే ఆ వేసవిలో మా అక్క కాపురం ఆ తొట్టెల తాడుకు వేలాడుతోంది. మాకందరికీ ఆ సంగతి తెలుసు. అక్కకు పిచ్చి పట్టిందని కూడా మేమందరం తేల్చేసుకున్నాం.

"నువ్వు ఆ పిల్లలను తిప్పుతున్నవ్ గద, దీన్ని గూడ తీస్కపో. జర గాలి తగులుతది," అంది అమ్మ ఒక ఆదివారం. అని ఊరుకోలేదు, పొత్రాన్ని దుప్పటితో సహా ఒక సంచిలో పెట్టి అక్క భుజానికి తగిలించింది. "ఇడ్సిపెట్టి పోతే మీ అక్కకు బుగులైతది, భయపడ్తది," అని నాకు రహస్యంగా చెప్పింది.

కతార్‌గామ్‌లో పాత తెల్లవాళ్ళ సమాధులు ఉన్నాయి. వ్యాపారానికి వచ్చి ఇక్కడే పోయినవాళ్ళవి, ఇళ్ళంత పెద్ద గుమ్మటాలు. లోపల మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది, పావురాల రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మా ఇద్దరమ్మాయిలూ ఫోటోలు తీసుకుంటుంటే అక్క ఒక గుమ్మటం కింద కూర్చుంది. సంచిని ముందు పెట్టుకుని, కాలి బొటనవేలితో మెల్లగా కదుపుతోంది. రాయి నేల మీద గరగరమంటోంది. గుమ్మటం ఆ చప్పుడును పైకి తీసుకెళ్ళి మళ్ళీ మా మీదికే వదులుతోంది.

"దీదీ, బ్యాగ్ మే క్యా హై?" అని సంచి చూపించి అడిగింది రాజ్‌కోట్ అమ్మాయి.

"పత్థర్," అంది అక్క.

రాయి అని చెప్పిందంతే. ఆ అమ్మాయి జోక్ అనుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కళ్ళకు ఆ క్షణంలో అక్క అక్కలా కనిపించలేదు.

తర్వాతి వారం డుమస్ వెళ్ళాం. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది, దయ్యాలు తిరుగుతాయని ఊరంతా చెప్పుకుంటుంది, అయినా ఊరంతా అక్కడే టమాటా బజ్జీలు తింటుంది. మేమూ తిన్నాం. సముద్రం చాలా దూరం వెనక్కి పోయి ఉంది. అక్క బురద మీద నడుచుకుంటూ నీళ్ళ వైపు వెళ్తుంటే నేను పిలిచాను. వినలేదు. భుజాన రాయి సంచి, ఎదురుగా సముద్రం. ఏమవుతుందో అర్థమైంది. కేకలు పెడుతూ పరుగెత్తి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అక్క నా వైపు విసుగ్గా చూసింది.

"ఏందే? కాళ్ళు కడుక్కుంట అంటే గింత లొల్లి చేస్తవేంది?"

చాలా రోజుల తర్వాత అక్క నోట విన్న నిండు మాట అది. ఏడుపొచ్చింది నాకు. కానీ నమ్మలేదు. సంచి నేనే మోస్తానని లాక్కున్నాను.

ఆ సాయంత్రం పాలు పితికే వేళకు నేను తబేలాలో ఉండాలి. అక్కను ఒక్కదాన్నే ఆటోలో గోడాదరా పంపే ధైర్యం లేక నాతో పాటు తబేలాకు తీసుకెళ్ళాను. బయట మంచం మీద కూర్చోమని చెప్పి దాణా గదిలోకి వెళ్ళాను. గడ్డిదూడ ఎప్పటిలాగే తలుపు వైపు చూస్తోంది. ఉప్పునీళ్ళు రాసి తెచ్చి బర్రె ముందు పెట్టాను. మాసీ బకెట్ పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు, ఎందుకంటే మూడు పూటల నుంచి పాలు సరిగ్గా దిగడం లేదు. ఇలాగే ఉంటే అమ్మేస్తానని పొద్దునే అన్నాడట.

బర్రె దూడను వాసన చూసింది. నాకలేదు. మూతితో దాన్ని పక్కకు నెట్టింది. అది కర్రకాళ్ళ మీద ఊగి నా మీద పడింది. బర్రె తల ఎత్తి నా వెనక్కి చూసింది. తిరిగి చూస్తే అక్క.

ఎప్పుడొచ్చిందో తెలియదు. బర్రె మెడ చాచి అక్క రవిక దగ్గర ముక్కు పెట్టి పీల్చింది. అక్క కదల్లేదు. పాలు ఆగిపోవాలని నెలల కింద అక్క గుండెలకు అమ్మ బిగించి కట్టిన గుడ్డ నాకు గుర్తొచ్చింది. బర్రె గొంతులో ఆ మూలుగు మొదలైంది, గడ్డిదూడ ముందు తీసేదానికన్నా లోతుగా, పొడుగ్గా. అక్క నోరు మూసుకునే ఉంది, అయినా అదే మూలుగు రెండు చోట్ల నుంచి వస్తున్నట్టు వినిపించింది. ఇప్పటికీ అది నా చెవుల పొరపాటో కాదో చెప్పలేను. బకెట్‌లో పాలు ధారగా పడే చప్పుడు మొదలైంది. మాసీ దేవుడి పేరు తలుచుకుంది.

తిరుగు దారిలో ఆటోలో అక్కే మాట్లాడింది.

"అది గడ్డి అని దానికి తెలుసే."

"తెలిస్తే ఇన్నాళ్ళు పాలెందుకు ఇచ్చింది?"

"మీరంత గిన్నె పట్టుకొని చుట్టూ నిలబడ్డరు గద. ఏం చేస్తది పాపం."

అక్క నా ఒళ్ళో ఉన్న సంచి మీద చెయ్యి వేసింది.

"నాకు గూడ తెలుసు, ఇది పొత్రమని. అమ్మ ఏసినప్పుడు నేను చూస్తనే ఉన్న. నేను ఊపుతుంటెనే అమ్మ చాయ్ తాగుతది. చెయ్యి ఆపితే గ్లాసు కింద పెట్టి నా దిక్కే చూస్తది. ఒకనాడు పొద్దంత ఊపలే. పొద్దంత అమ్మ మంచినీళ్ళు గూడ ముట్టలే. ఇంగ ఏం చెయ్యమంటవే?"

అమ్మ కదా అక్కను కాపాడుతోంది అనుకున్నాం! బావ, నాన్న, నేను, వీధిలో వాళ్ళు, అందరం అక్క ఒక్కదాన్నే చూస్తూ కూర్చున్నాం. రెండో మనిషి వైపు తల తిప్పిన వాళ్ళు లేరు.

ఇంటికి వెళ్ళగానే అక్క సంచిలోంచి పొత్రం తీసింది. దుప్పటి మడతపెట్టి పెట్టెలో పెట్టింది. పొత్రాన్ని కుళాయి కింద కడిగి, సన్నికల్లు ముందేసుకుని, వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, చింతపండు వేసి నూరింది. నాన్న లేచి వచ్చి వంటింటి గడపలో నిలబడిపోయాడు. ఆ రాత్రి మేమంతా ఆ పచ్చడితో అన్నం తిన్నాం. కారం ఎక్కువైంది, ఎవరూ ఆ మాట అనలేదు. అమ్మ కంచం ముందు కూర్చుని ముద్దలు కలిపింది. తిన్నదో లేదో నేను చూడలేదు, అక్కనే చూస్తున్నాను.

ఆ వారంలోనే బావ వచ్చి అక్కను డిండోలికి తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు తొట్టెల విప్పుదామని అక్క తాడు మీద చెయ్యి వేస్తే, "ఉండనియ్యి, నేను తర్వాత ఇప్పుత," అంది అమ్మ.

తబేలాలో నా చివరి రోజున గడ్డిదూడను ఏం చెయ్యాలని అడిగాను. అక్క వచ్చి వెళ్ళిన తర్వాత బర్రె దాన్ని మళ్ళీ దగ్గరికి రానివ్వలేదు, పాలూ ఇవ్వలేదు. బర్రెను అమ్మేశారు. దూడను ఉండనియ్యమన్నారు, ఇంకో బర్రెకు పనికొస్తుందట. గోడ వైపు తిప్పి పెట్టి, తలుపు వేసి, వెనక్కి చూడకుండా వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. నాన్న నిద్రపోతున్నాడు. వీధిలో కరెంటు పోయినట్టుంది, సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో దూలం కిర్రుమంటోంది. రాయి ఉన్నప్పుడు ఎలా కిర్రుమనేదో అలాగే, అంతే బరువుగా. అమ్మ తొట్టెల పక్కన కూర్చుని ఊపుతోంది. పొత్రం వంటింట్లో సన్నికల్లు మీద ఉంది, నాకు అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. అమ్మ పక్కన చాయ్ గ్లాసు, మీద మీగడ కట్టి చల్లారిపోయి ఉంది.

"ఖాళీ తొట్టెల ఊపొద్దంటివి గదనే అమ్మా," అన్నాను.

అమ్మ తల ఎత్తకుండానే అంది.

"ఖాళీగ యాడున్నదే?"

నేను లోపలికి తొంగి చూడలేదు. సంచి కింద పెట్టి, అమ్మ పక్కన కూర్చుని, ఆమె చేతిలోంచి తాడు తీసుకున్నాను. వేసవంతా గడ్డిదూడను ఎత్తుకెళ్ళి బర్రె ముందు నిలబెట్టిన చేతులే అవి. మెల్లగా ఊపడం మొదలుపెట్టాను. అమ్మ కాసేపు నన్ను చూసి, గ్లాసు అందుకుని, చల్లారిన చాయ్ తాగింది.