బావ హస్తవాసి

'నీ హస్తవాసి మంచిది' అని ఎవరైనా నన్ను మెచ్చుకుంటే వెంటనే మాట మార్చేస్తాను. ఏళ్లుగా ఇంతే. ఆ మాట నాది కాదు. దొంగిలించాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

గాజువాకలో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే ఆఫీసులో నేనూ బావా కలిసి పనిచేసేవాళ్లం. బావ అంటే చుట్టరికం కాదు, ఇద్దరం ఒకరినొకరం పిలుచుకునే పిలుపే. వైద్యుడికి ఉన్నట్టు అతనికి వైర్ల దగ్గర హస్తవాసి ఉందని కాలనీల్లో పేరు. లైను పోతే అతన్నే పంపమనేవాళ్లు. నేను పక్కన నిచ్చెన పట్టుకునేవాణ్ణి. కడుపుమంట. ఇంకేం పేరు పెట్టను దానికి?

ఉన్న స్పీడును ఇళ్లన్నిటికీ సమంగా పంచే పెట్టె కొనాలని ఓనరు రెండు కంపెనీలవి తెప్పించి, పోల్చి చూడమన్నాడు. ఒక కాలనీకి బావ మెచ్చిన పెట్టె, పక్క కాలనీకి నేను మెచ్చినది. స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగి అందరూ ఒక్కసారే ఫోన్లు తెరిచే సాయంత్రమే అసలు పరీక్ష. ఎవరి పెట్టె నెగ్గితే వాళ్లే హెడ్ టెక్నీషియన్.

పరీక్ష రోజు మధ్యాహ్నం బావ టీకి వెళ్లాడు. పాస్‌వర్డ్ ఇద్దరికీ ఒకటే. అతని పెట్టెలోకి వెళ్లి, ఆ కాలనీకి వెళ్లే స్పీడును బాగా కుదించేశాను. సాయంత్రం తిట్లతో ఫోన్లు మోగాయి. ఓనరు అందరి ముందూ బావను కడిగేశాడు. అతను వచ్చి చూసేలోగా నేను అంతా ఎప్పటిలా మార్చేశాను. ఎందుకు? దొరికిపోతానని. కానీ అతన్ని కూల్చింది అదే. తప్పు కళ్లకు కనబడితే ఆ తప్పునే తిట్టుకునేవాడు కదా?

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి బావా. మరేటి లోపం? నా సెయ్యే పోయినట్టుంది," అన్నాడు.

"ఒగ్గేయ్ బావా. ఒక్కోపాలి అలాగే అవుతాది."

హెడ్ టెక్నీషియన్ నేనయ్యాను. తర్వాత బావ బిగించిన వైరునే విప్పి మళ్లీ మళ్లీ బిగించేవాడు. కొన్నాళ్లకు పని మానేసి, అత్తవారి ఊరు ఆనందపురం పోయి కూరగాయల వ్యాపారంలో పడ్డాడు. వెళుతూ, వైరు చివర క్లిప్పు నొక్కే తన క్రింపర్‌ను నా చేతిలో పెట్టాడు. ఎలా తీసుకున్నాను?

మొన్న ఫోన్ చేశాడు. ఇంట్లో నెట్ పోయిందట, కూతురికి ఆన్‌లైన్ పరీక్ష ఉందట. "నాను ముట్టుకుంటే ఉన్నది కూడా పోతాది. నువ్వు రా బావా." వెళ్లాను. రౌటర్ వెనక వైరు కాస్త వదులైంది, అంతే. వేలితో నొక్కాను, లైటు వెలిగింది. అంత చిన్న పనికి, ఒకప్పుడు కాలనీలన్నీ పిలిచిన మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సూసినావా అమ్మా, మామయ్య హస్తవాసి!" అని కూతురితో మురిసిపోయాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను. అతని భార్య కాఫీ తెచ్చింది. తాగాను. బస్సెక్కాక ఏడ్చాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇచ్చేది కాదు. ఒక్కసారి పైకి అనాలి, అంతే. బావ చేతిలో ఏ లోపమూ లేదు. ఆ లోపం నేను పెట్టింది.