బంగళా వాకిట బదనిక

మా నాయన పావగడ ముసాఫిరు బంగళాలో వంట చేసేవాడు. క్రిస్మస్‌కు ఆడ దిగిన దొరసాని, చెట్టుకొమ్మల మీద పెరిగే బదనిక కావాలనింది. మా అవ్వ చింతచెట్టు మీదిది కోయించి పంపింది. దొరసాని దాన్ని వాకిలికి కట్టించింది.

పండగనాడు తాలూకాకంతా పెద్ద అధికారి అమల్దారు, దొరసానికి మర్యాదగా ఇచ్చేదానికి నిమ్మకాయ పట్టుకొని వచ్చి గడపలో నిలబడినాడు.

"దీని కింద నిలబడినోళ్లకు ముద్దు పెట్టాల, మా ఆచారం" అనింది దొరసాని వచ్చీరాని కన్నడంలో.

అమల్దారు అదిరిపడి, బంగళా చుట్టూ తిరిగి, తలమీది పేటా చేతబట్టుకొని వంటింటి కిటికీలో దూరినాడు. నాయన కూరగిన్నె జరిపి దోవ ఇచ్చినాడు. వెనకే, ఆయనతో వచ్చిన ఊరి లెక్కల శానుభోగూ దూరినాడు. పొయ్యి కాడ కూచున్న నేను నవ్వలేక చచ్చినాను.

ఇంటికొచ్చి చెప్తే అవ్వ బుగ్గ నొక్కుకునింది.

"ఆవు చూలు కట్టాలని మనం కొట్టంలో కట్టేది అదే కదప్పా! వాళ్లు ముద్దుతోనే సరిపెట్టుకుంటారా ఏంది?"