అత్తమ్మ ఇల్లు తగలని దారి

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ ప్రయాణమైనా ఊళ్లను బట్టి కాదు, చుట్టాలను బట్టి సాగేది. (ఆ రోజులంటే మరీ ఎడ్లబండ్ల కాలం అనుకునేరు. చేతుల్లో ఫోన్లు, ఫోన్లో దారి చెప్పే ఆడగొంతు, అన్నీ ఉన్నాయి. ఆవిడ మాట మా ఇంట్లో చెల్లేది కాదు, అంతే.) హైదరాబాదు నుంచి ఏ రోడ్డు పట్టుకున్నా దాని పక్కన మావాళ్లెవరో ఒకరు ఉండనే ఉంటారు. ఉన్నాక దిగకుండా పోవడమనేది మా ఇంటా వంటా లేదు. "మా ఊరి మీదికెంచి పోయిన్రట, ఇంట్లకు రాలేదట" అన్న మాట ఒక్కసారి పడిందంటే అది పెళ్లిళ్లలో వినబడుతుంది, పురుళ్లలో వినబడుతుంది, పెద్దవాళ్ల దినాల్లో కూడా విస్తరి ముందు కూర్చున్నాక వినబడుతుంది. అందుకని మేము బాసరకని బయల్దేరి కామారెడ్డి దగ్గర మా అత్తమ్మ ఇంట్లో తిని పడుకుని, అక్కణ్ణుంచే వెనక్కి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. సరస్వతీదేవి ఏమీ అనుకోదు, అత్తమ్మ అనుకుంటుంది కదా అని మా బాపు లెక్క.

అప్పటికి నాకు అబిడ్స్‌లో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. బాపుకి నాంపల్లి స్టేషన్ రోడ్డులో సూట్‌కేసుల దుకాణం. అంటే ఊరందరికీ ఆయన పెట్టెలు అమ్ముతాడు, నేను టికెట్లు అమ్ముతాను, మేము మాత్రం స్టేషన్ వెనక గల్లీలో కూర్చుని రైళ్ల కూతలు వింటాం. నాకేమో ఉద్యోగం వచ్చిన గర్వం నెత్తికెక్కి, భూగోళమంతా నా కౌంటర్ కిందే ఉన్నట్టుండేది. ఒకరోజు ఆఫీసులో మిగిలిపోయిన క్యాలెండర్ ఒకటి ఇంటికి తెచ్చి వంటింట్లో తగిలించాను. దాని మీద తాడోబా అడవి, గడ్డిలో పడుకుని ఆవులిస్తున్న పులి. అమ్మ పోపు వేస్తూ దాన్ని చాలాసేపు చూసింది. పోపు మాడింది కూడా.

"గీడికి పోతె ఎవలింట్ల దిగాలె?" అని అడిగింది.

ఎవరింట్లోనూ కాదు, అడవి పక్కన లాడ్జి ఉంటుంది, వాళ్లే వండి పెడతారు అన్నాను. "ఎవలింట్ల దిగొద్దా?" అని మళ్లీ అడిగింది. ఆ మాట అడిగినప్పటి ఆమె మొహం ఇప్పటికీ నాకు గుర్తే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అమ్మ చేసిన ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి వంటింట్లోనే ఆగిపోయాయి. పెళ్లికి పోతే ఉల్లిగడ్డలు, పుణ్యానికి పోతే ఆడబిడ్డ ఇంట్లో రొట్టెలు. ఆడబిడ్డ ఇంటికి తమ్ముడి భార్య వచ్చి చాపమీద కూర్చుంటుందా ఎక్కడైనా? కొంగు దోపుకుని వంటింట్లోకే నడవాలి. ఆమెకి పులి ముఖ్యం కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఎవరింట్లోనూ దిగని ప్రయాణం ఒక్కటి కావాలి ఆమెకి, అంతే. ఎట్లాగైనా తీసుకుపోతాను అని మాటిచ్చేశాను.

మాటివ్వడం తేలికే. తాడోబాకి తిన్నగా పోయే పెద్దరోడ్డు మాత్రం అత్తమ్మ ఇంటి ముందు నుంచే పోతుంది. ఆమె బాపుకి సొంత అక్క. గేటు తీస్తే రోడ్డు, రోడ్డు మీద కారు ఆగితే అత్తమ్మ, అత్తమ్మ కనబడితే భోజనం, భోజనమయ్యాక "గింత ఎండల ఏడికి పోతరు, పొద్దుగాల పోదురు తియ్". ఇక పులికి దండం పెట్టుకోవడమే. "అక్క ఇంటి ముందటికెంచి సప్పుడు జెయ్యక పోయి మళ్ల ఏ మొఖం పెట్టుకొని మాట్లాడాలె" అని బాపు మొదటిరోజే చేతులెత్తేశాడు. అప్పుడు నాలోని ట్రావెల్స్ ఉద్యోగిని లేచింది. ఇంటి ముందు నుంచి పోతేనే కదా తప్పు? అసలు అటే పోకపోతే? బీదర్ మీదుగా నాందేడ్, అక్కణ్ణుంచి చుట్టూ తిరిగి తాడోబా. ఆ దారిలో మాకు పిల్లనిచ్చినవాళ్లు గానీ పిల్లను తెచ్చుకున్నవాళ్లు గానీ ఒక్కరు లేరు. దూరం ఎక్కువే, పెట్రోలు దండగే, నడుములు పోతాయి. అయినా మర్యాద దక్కుతుంది. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నేనే మురిసిపోయాను. (మా ఆఫీసు సేటు మాత్రం నేను గీసిన దారి చూసి, "ఈ పిల్లకి రోడ్లు రావు" అన్నాడు. ఆయనకి మా అత్తమ్మ సంగతి తెలియదు పాపం.)

మా తమ్ముడు అఫ్జల్‌గంజ్‌లో తెలిసినవాళ్ల దగ్గర కారు కిరాయికి మాట్లాడాడు. బాపు దుకాణం నుంచి కొత్త సూట్‌కేసు ఒకటి, తలకి టోపీ ఒకటి తెచ్చుకున్నాడు. అమ్మ ఎన్నడూ లేనిది చెప్పులు కొనుక్కుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ చెప్పాను: అత్తమ్మకి తెలియకూడదు. బాపు రోజూ సాయంత్రం అక్కకి ఫోన్ చేస్తాడు. ఆమె అడిగితే అబద్ధం చెప్పమనలేదు నేను, ఊరికే ఆ ఊసు ఎత్తకండి అన్నాను. ఆ సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. అవతల ఆమె ఇంకా ఏమీ అడగనేలేదు.

"అక్కా, మేమందరం మంచిగున్నం. ఎటూ పోతలేం" అన్నాడు.

వంటింట్లో అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ మహానుభావుడు ఆడిన మొదటి అబద్ధం అది. అడక్కముందే ఆడాడు.

మర్నాడు, అంటే మేము తెల్లవారి బయల్దేరాల్సిన దానికి ముందురోజు, కాచిగూడలో రైలు దిగి ఆటో కట్టించుకుని అత్తమ్మ వచ్చేసింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో గుళ్లో కట్టిచ్చిన బొట్టు, దారం. గుమ్మంలో నిలబడి హాల్లో ఉన్న సూట్‌కేసు చూసింది, మమ్మల్ని ఒక్కొక్కరినే పైనుంచి కిందిదాకా చూసింది. "ఎవలకు బాగలేదు? ఏ దవాఖానల చేరుస్తున్రు? నాతోని గూడ దాస్తరా తమ్మీ?" అంది. బాపు తనంతట తాను మంచిగున్నామని చెప్పేసరికి ఆమెకి రాత్రంతా నిద్ర లేదట.

బాపు చెప్పగలిగిన ఒక్క అబద్ధం అయిపోయింది. చివరికి మా తమ్ముడే, ఎవరికీ జబ్బు లేదనీ, పులిని చూడటానికి తాడోబా పోతున్నామనీ చెప్పేశాడు. ఆమె "హమ్మయ్య" అని సంచి కింద పెట్టి, వెంటనే, "గా తొవ్వ మా ఇంటి ముందటికెంచే గద, గదానికి దాసుడేంది?" అంది. నేను ముందుకొచ్చి బీదర్ రోడ్డు ఎంత నున్నగా ఉంటుందో, నాందేడ్ వైపు ఎంత చక్కటి పొలాలుంటాయో, కస్టమర్లకి చెప్పినట్టే నవ్వుతూ చెప్పాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి నాగ్‌పూర్ పోయే లారీలను గుమ్మంలోంచి చూస్తున్న మనిషికి నేను రోడ్లు చెబుతున్నాను. ఆమె అంతా విని, "ఔ, మంచిదే బిడ్డా" అని, కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పోయింది. నాకు ఆ క్షణం సూట్‌కేసులో దూరి జిప్పు వేసుకోవాలనిపించింది.

వెనకే అమ్మ పోయింది. తలుపు పక్కన నేను. (ఔను, చాటుగా విన్నాను, మీరైతే వినరా?) అమ్మే మొదలుపెట్టింది.

"నీ మీద కోపం గాదు వదినె. దిగితె వంటింట్లకు పోవాలె గద. ఒక్కపారన్న వంటింటి మొఖం జూడకుంట పోదామనుకున్న."

అత్తమ్మ కోపం లేకుండానే అంది.

"మీరు దిగితె నేనేడుంటనే? నేను గూడ గా వంటింట్లనే ఉంట గద. బాసర పోయెటోళ్లు, నిర్మల్ పోయెటోళ్లు, అందరు దిగుతరు, తింటరు, పోతరు. నడువు, నువ్వు గూడ బండెక్కు అని ఇన్నేండ్లల ఒక్కలన్న అన్నరా?"

నేను తలుపు పక్కనే నిలబడిపోయాను. ఆమె ఇంటిని తప్పించుకునే దారి కనిపెట్టాను గానీ, ఆ ఇంట్లో ఉన్న మనిషి ఎన్నడూ సరదాకని గేటు దాటలేదన్న సంగతి నాకు తట్టలేదు. నాకే కాదు, ఆ ఇంట్లో తిని చెయ్యి కడుక్కున్న ఏ ఒక్కరికీ తట్టలేదు. లోపల అమ్మ ముక్కు చీదుకుంది.

"వదినె, కిటికి దిక్కు కూసుంటవా, ముందు సీట్ల కూసుంటవా?" అని అడిగింది.

ఆ తర్వాత పని చకచకా జరిగింది. అడవిలో తిప్పే సఫారీ జీపులో ఇంకొకరికి చోటుంది గనుక మా సేటు తిట్టుకుంటూనే పేరు కలిపించాడు. అత్తమ్మ ఇంటికి ఫోన్ చేసి, తమ్మునింట్లో జర బాగలేదు, రెండు మూడు దినాలు ఉండి వస్తానని మామయ్యకి చెప్పింది. (ఆమె ఎంత నిబ్బరంగా చెప్పిందో! బాపు నోరు తెరుచుకుని చూశాడు.) బీదర్ దారి రద్దయింది. తప్పించుకోవాల్సిన మనిషి కారులోనే ఉన్నాక తిన్నటి రోడ్డుకి భయమేముంది?

కామారెడ్డి దగ్గరికి వచ్చాం. దూరంగా అత్తమ్మ ఇంటి ఆకుపచ్చ గేటు కనబడింది. కారు నడుపుతున్న తమ్ముడి చెయ్యి అలవాటు కొద్దీ ఇండికేటర్ మీదికి పోయింది. అరుగు మీద మామయ్య పేపరు చదువుకుంటున్నాడు.

"ఆపకు బిడ్డా. ఆపితె దిగి చాయ్ వెట్టాలె" అంది అత్తమ్మ, కొంగు నెత్తిన కప్పుకుని తల కిందికి వంచుతూ.

కారు ఆగలేదు. బాపు మాత్రం ఉండబట్టలేక టోపీ తీసి బావగారికి నమస్కారం పెట్టాడు. దాంతో ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా మామయ్య, "నా కండ్లార చూసిన, మా ఇంటి ముందటికెంచే పోయిన్రు, దిగలే" అంటాడు. పక్కనే కూర్చున్న అత్తమ్మ, "ఏం మనుషులో ఏమో" అని తలూపుతుంది.

పులి కనబడలేదు. జింకలు కనబడ్డాయి, నెమళ్లు కనబడ్డాయి, ఒకచోట పులి నడిచిన అడుగులు చూపించి ఇంతేనన్నారు. వదినా మరదళ్లకి ఆ విచారమేమీ లేదు. లాడ్జిలో కుర్చీల మీద పక్కపక్కన కూర్చుని, వడ్డించే అతన్ని ఇంకో చపాతీ, ఇంకొంచెం పప్పు అని పిలుస్తూనే ఉన్నారు. ఆకలికి కాదు, పిలిస్తే వస్తున్నాడని.

ఇప్పుడు నా కాపురం ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు పక్కన. అటు పోయే మావాళ్లందరూ దిగుతారు, తింటారు, పోతారు. ఒక్కోసారి కుక్కర్ ముందు నిలబడి, ఒకప్పుడు బీదర్ మీదుగా దారి గీసి మురిసిపోయిన ఆ అబిడ్స్ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. నేనింకా హలో అని కూడా అనలేదు.

"అక్కా, మేము మంచిగున్నం. గీ వారం ఎటూ పోతలేం" అన్నాడు.

బాపు కొడుకు మరి. "ఔనా, మంచిదిరా" అని ఫోను పెట్టేసి, స్టూలు వేసుకుని అటక మీది సూట్‌కేసు దించాను.